ఫైలు పేరు చివర ఆ నాలుగు అక్షరాలు ఏం చెబుతాయి?

ఈ నెల పాఠం: కంప్యూటర్
(6 నుంచి 10 తరగతుల విద్యార్థుల తల్లిదండ్రులకు)



ప్రాజెక్టులు ఇచ్చే వారం వచ్చిందంటే కంప్యూటర్ ల్యాబ్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మిస్, ఇంట్లో ఓపెన్ అయింది, ఇక్కడ అవ్వట్లేదు." పిల్లలు రెండు మూడు రోజులు కూర్చుని మార్కుల పట్టికలు, వర్షపాతం లెక్కలు, ఇంటి ఖర్చుల గ్రాఫులు తయారు చేస్తారు. తీరా పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే గ్రాఫ్ ఉండదు, రంగులు ఉండవు, తెలుగులో రాసిన పేర్ల స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు ఉంటాయి.

చాలాసార్లు దీనికి వైరస్ కారణం కాదు, పిల్లల నిర్లక్ష్యం కూడా కాదు. ఫైలును ఏ రూపంలో సేవ్ చేశారన్నదే అసలు కారణం. ఆ రూపం ఏమిటో ఫైలు పేరు చివర, చుక్క తర్వాత ఉండే మూడు నాలుగు అక్షరాలు చెబుతాయి. వీటినే ఎక్స్‌టెన్షన్ అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి మీకు కంప్యూటర్ కోర్సు అక్కర్లేదు. ఒక ఆదివారం అరగంట మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కూర్చుంటే చాలు.

వంటింటి డబ్బాలు, కంప్యూటర్ ఫైళ్లు

మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో ఆవాలు ఉంటాయి, ఐస్‌క్రీమ్ డబ్బాలో చింతపండు ఉంటుంది. సీసా మీద ఏం రాసి ఉన్నా లోపల ఏముందో అమ్మకు తెలుసు. కొత్తగా వచ్చిన చుట్టం మాత్రం పైన ఉన్న పేరు చూసి పొరపడతాడు.

ఎక్స్‌టెన్షన్ కూడా అలాంటి లేబులే. "ఈ ఫైలును ఎక్సెల్‌తో తెరువు", "దీన్ని ఫొటోగా చూపించు" అని కంప్యూటర్‌కు సూచన ఇస్తుంది. జేపీజీ అంటే ఫొటో, ఎంపీ3 అంటే పాట, పీడీఎఫ్ అంటే అచ్చుకు సిద్ధంగా ఉన్న పేజీ, డాక్స్ అంటే వర్డ్ పత్రం, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అంటే ఎక్సెల్ పట్టిక.

ఎక్కువ ఎక్స్‌టెన్షన్లకు మూడే అక్షరాలు ఉండటానికి ఒక చరిత్ర ఉంది. పాత డాస్ కంప్యూటర్లలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలు మాత్రమే అనుమతించేవారు. విండోస్ 95 నుంచి పొడవైన పేర్లు పెట్టుకునే వీలు వచ్చింది. కానీ అప్పటి మూడక్షరాల అలవాటు ఇప్పటికీ కొనసాగుతోంది.

లేబుల్ మార్చితే సరుకు మారదు

పిల్లలు తరచుగా పొరపడేది ఇక్కడే. టీచర్ ఎక్సెల్ ఫైల్ తెమ్మన్నారని, తమ దగ్గరున్న సీఎస్‌వీ ఫైలు పేరు మీద రైట్ క్లిక్ చేసి, రీనేమ్ నొక్కి, చివరి అక్షరాలు చెరిపి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని రాసేస్తారు. విండోస్ ఒకసారి హెచ్చరిస్తుంది: ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చని. పిల్లలు ఎస్ నొక్కుతారు. తర్వాత ఎక్సెల్ ఆ ఫైలును తెరవనంటుంది.

ఉప్పు డబ్బా మీద చక్కెర అని చీటీ అంటిస్తే కాఫీ తీపి అవ్వదు. లోపలి సరుకు మారాలంటే ఫైలును ముందు తెరిచి, 'సేవ్ యాజ్' నొక్కి, కావలసిన రకాన్ని అక్కడ ఎంచుకోవాలి. రీనేమ్ చేస్తే చీటీ మాత్రమే మారుతుంది, సేవ్ యాజ్ చేస్తే సరుకు మారుతుంది. ఈ పాఠంలో పిల్లలకు గుర్తుండాల్సిన వాక్యం ఒకటే అయితే అది ఇదే.

మరి లోపల నిజంగా ఏముందో ఎలా తెలుస్తుంది? చాలా రకాల ఫైళ్లు తమ మొదటి అక్షరాల్లోనే తమ జాతి చెప్పుకుంటాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తుల గందరగోళం కనిపిస్తుంది, కానీ మొట్టమొదటి రెండు అక్షరాలు మాత్రం ఇంగ్లిష్‌లో పీ, కే అని ఉంటాయి. జిప్ ఫైలు పద్ధతిని 1989లో తెచ్చిన అమెరికన్ ప్రోగ్రామర్ ఫిల్ క్యాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. మరి ఎక్సెల్ ఫైల్లో అవెందుకున్నాయి? నేటి ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట కాబట్టి. ఆ మూట విప్పి చూసే పద్ధతి ఈ పాఠం చివర ఇచ్చాను. పిల్లలకు చాలా నచ్చుతుంది.

ఒకే పట్టిక, ఆరు రూపాలు

స్ప్రెడ్‌షీట్ అంటే అడ్డవరసలు, నిలువు వరసలున్న లెక్కల కాగితం. మొదటిసారి దీన్ని చిన్న కంప్యూటర్ మీదికి తెచ్చింది 1979లో వచ్చిన విజిక్యాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. తర్వాత 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. ఇన్నేళ్లలో పట్టికను దాచే రూపాలూ పెరిగాయి. మీ పిల్లలకు ఎదురయ్యేవి ముఖ్యంగా ఇవి:

ఎక్స్‌ఎల్‌ఎస్: ఎక్సెల్ పాత రూపం. ఒక షీటులో 65,536 అడ్డవరసలు, 256 నిలువు వరసలు మాత్రమే పడతాయి. కొన్ని వెబ్‌సైట్లు ఇప్పటికీ ఇదే ఇస్తుంటాయి.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్: ఎక్సెల్ 2007 నుంచి వాడుకలో ఉన్న రూపం. 10,48,576 అడ్డవరసలు, 16,384 నిలువు వరసలు పడతాయి. ఫార్ములాలు, గ్రాఫులు, రంగులు, ఎన్ని షీట్లున్నా అన్నీ భద్రంగా ఉంటాయి.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్: పై దాని లాంటిదే, కానీ లోపల మ్యాక్రోలు, అంటే తమంతట తాము పని చేసే చిన్న ప్రోగ్రాములు ఉండవచ్చు. తెలియని వాళ్ల నుంచి వస్తే తెరవకూడదు.

ఓడీఎస్: ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ క్యాల్క్ వాడే రూపం. ఎక్సెల్ లేని ఇళ్లలో క్యాల్క్ చక్కగా సరిపోతుంది. అది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా కూడా సేవ్ చేస్తుంది.

సీఎస్‌వీ: కామాలతో విడదీసిన మామూలు అక్షరాలు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ప్రోగ్రామ్‌తోనైనా చదవొచ్చు.

పీడీఎఫ్: ఇది స్ప్రెడ్‌షీట్ కాదు, పట్టికకు లామినేషన్ చేసినట్టు అనుకోండి. ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది కానీ లెక్క మార్చడానికి వీలుండదు.

గూగుల్ షీట్స్‌లో చేసిన పని సాధారణంగా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఏ రూపం కావాలని అడుగుతుంది. పిల్లలు తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు. అక్కడ ఒక్క క్షణం ఆగడం నేర్పాలి.

ఆ పెద్ద సంఖ్యలను గణితం పుస్తకం దగ్గర పెట్టుకుని చూడమనండి. 65,536 అంటే 2 ఘాతం 16. 10,48,576 అంటే 2 ఘాతం 20. అలాగే 256 అంటే 2 ఘాతం 8, 16,384 అంటే 2 ఘాతం 14. ఘాతాంకాల పాఠం ఎక్కడ ఉపయోగపడుతుందని అడిగే పిల్లలకు ఇదొక జవాబు.

సీఎస్‌వీలో ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

సీఎస్‌వీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలా కనిపిస్తుంది:

పేరు,తెలుగు,గణితం,మొత్తం
రమ్య,86,91,177
కిరణ్,78,88,166

ఇంతే. కామా దగ్గర ఒక గడి ముగుస్తుంది, లైను మారితే ఒక వరస ముగుస్తుంది. చిరునామా లాంటి చోట కామా విషయంలో భాగమైతే, ఆ గడి మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడతారు.

ఈ సరళత్వమే దాని బలం. 12వ తరగతి సీబీఎస్‌ఈ కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్‌తో సీఎస్‌వీ ఫైళ్లు చదవడం, రాయడం సిలబస్‌లో భాగం. అదే దాని పరిమితి కూడా. రమ్య మొత్తం 177 అని ఉంది కదా, ఎక్సెల్‌లో అది రెండు మార్కులను కూడే ఫార్ములా. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫార్ములా పోయి 177 అనే అంకె మాత్రమే మిగులుతుంది. తర్వాత గణితం మార్కు 91ని 95గా దిద్దినా మొత్తం 177గానే ఉండిపోతుంది. గ్రాఫులు, రంగులు, గడుల వెడల్పులు పోతాయి. నాలుగు షీట్లుంటే అప్పుడు తెరమీద ఉన్న ఒక్క షీటే సేవ్ అవుతుంది.

తెలుగు పేర్ల సంగతి వేరు. ఎక్సెల్‌లో సేవ్ యాజ్ నొక్కినప్పుడు సీఎస్‌వీ పేరుతో ఒకటి కంటే ఎక్కువ రకాలు కనిపిస్తాయి. మామూలు 'కామా డీలిమిటెడ్' రకం ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఫైలు మూసేశాక వాటిని తిరిగి రప్పించే దారి లేదు. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్నదాన్ని ఎంచుకుంటే తెలుగు తెలుగుగానే ఉంటుంది. తెలుగు, హిందీ పేర్లతో సర్వే ప్రాజెక్టులు చేసే పిల్లలు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ఇంటి నంబరు తేదీగా మారితే

మన ఊళ్లలో ఇంటి నంబర్లు 3-12, 4-7-22 లాగా ఉంటాయి. కాలనీ సర్వే చేసిన పిల్లలు 3-12 అని కొడితే ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 3 అనుకుంటుంది. కంప్యూటర్‌లో అమెరికా తేదీ పద్ధతి ఉంటే మార్చి 12 అనుకుంటుంది. 4-7-22 కూడా తేదీ అయిపోతుంది. 40-6-52 మాత్రం తేదీగా కుదరదు కాబట్టి అలాగే ఉంటుంది. కొన్ని మారి కొన్ని మారకపోవడం వల్ల తప్పు త్వరగా కంటపడదు.

ఇదే పద్ధతిలో 040 అనే హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ ముందున్న సున్నా పోయి 40 అవుతుంది. 12 అంకెల సంఖ్య 1.23ఇ+11 లాంటి వింత రూపంలో కనిపిస్తుంది. అలా కనిపిస్తుండగానే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ వింత రూపమే ఫైల్లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే ఖచ్చితంగా గుర్తుంచుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది.

ఇది చిన్నపిల్లల ఇబ్బంది మాత్రమే అనుకోకండి. మనిషి జన్యువుల్లో కొన్నిటికి శాస్త్రవేత్తలు సెప్ట్1, మార్చ్1 అనే పొట్టి పేర్లు పెట్టారు. ఎక్సెల్ వాటిని సెప్టెంబర్ 1, మార్చి 1 తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చాల్సి వచ్చింది.

పరిష్కారం సులువు. కూడికలు, తీసివేతలు చేయనక్కర్లేని సంఖ్య ఏదైనా, అది ఇంటి నంబరు కానీ ఫోన్ నంబరు కానీ హాల్‌టికెట్ నంబరు కానీ, టైప్ చేయడానికి ముందే ఆ వరసను 'టెక్స్ట్' అని మార్చుకోవాలి. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఎక్సెల్‌లో డేటా మెనూలోని 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చుకుని, అక్కడ ఆ వరసను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. ఇంకో మాట: ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను పిల్లల ప్రాజెక్టు షీట్లలో అసలే పెట్టనివ్వకండి.

ఒక పాత ఫార్మాట్, 15,841 మంది రోగులు

ఫార్మాట్ ఎంపిక ఎంత దూరం వెళ్తుందో చెప్పే సంఘటన ఒకటి కోవిడ్ కాలంలో ఇంగ్లండ్‌లో జరిగింది. ప్రయోగశాలలు పరీక్షల ఫలితాలను సీఎస్‌వీ ఫైళ్లుగా పంపేవి. సీఎస్‌వీకి వరసల పరిమితి లేదు. అక్కడి ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ఆ ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలోకి ఎక్కించుకునేది. పైన చెప్పుకున్న 65,536 వరసలు నిండాక మిగిలినవి లోపలికి వెళ్లలేదు.

ఫలితంగా 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో కలవలేదు. వ్యాధి సోకిన వారికి తమ ఫలితం అందింది. కానీ వాళ్లను కలిసిన వారిని వెతికి జాగ్రత్తగా ఉండమని చెప్పే పని ఆలస్యమైంది. ఒక్క అక్షరం ఎక్కువున్న కొత్త రూపంలో దాచి ఉంటే ఒక్కో షీటులో 16 రెట్లు ఎక్కువ వరసలు పట్టేవి. మన పిల్లల్లో రేపు ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఇలాంటి పట్టికలు నడపబోయేవారు చాలామంది ఉన్నారు.

దాగి ఉన్న అక్షరాలతో మోసం

ఇప్పటిదాకా చదువు సంగతి. ఇక ఇంటి భద్రత సంగతి.

విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది. దీంతో 'ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్ఈ' అనే ఫైలు తెరమీద 'ఫొటో డాట్ జేపీజీ' అని మాత్రమే కనిపిస్తుంది. అసలు రకాన్ని చెప్పేది చివరి చుక్క తర్వాత ఉన్న ఈఎక్స్ఈ. అంటే అది ఫొటో కాదు, ప్రోగ్రామ్. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో పుట్టి ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్ వాడింది ఈ ఎత్తుగడే. మెయిల్‌తో వచ్చిన ఫైలు పేరులో టీఎక్స్‌టీ అని ఉండటంతో ఉత్తరమనుకుని జనం తెరిచారు. దాని తర్వాత వీబీఎస్ అనే అసలు ఎక్స్‌టెన్షన్ ఉంది.

ఇప్పుడు అదే మోసం వాట్సాప్‌కు వచ్చింది. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేర్లతో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయని పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నారు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. నొక్కి అనుమతులిస్తే ఆ యాప్ మన మెసేజ్‌లు, ఓటీపీలు చదవగలదు. ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. శుభలేఖ ఫొటోగానో వీడియోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. దాన్ని చూడటానికి ఏ యాప్ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. తెలిసిన వాళ్ల నంబరు నుంచి వచ్చినా ముందు ఫోన్ చేసి కనుక్కోండి, వాళ్ల ఫోన్ కూడా ఇప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో తాతయ్యకు, అమ్మమ్మకు ఈ మాట చెప్పే బాధ్యత పిల్లలకే అప్పగించండి. మనం చెప్పిన దానికంటే మనవళ్లు, మనవరాళ్లు చెబితే వాళ్లు ఎక్కువ వింటారు!

ఇంట్లో చేసి చూడండి

1. దాగిన అక్షరాలను బయటికి తెప్పించండి. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన 'వ్యూ' నొక్కి, 'షో'లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఎంచుకోండి. విండోస్ 10లో 'వ్యూ' ట్యాబ్‌లోనే ఈ పేరు పక్కన టిక్ పెట్టే గడి ఉంటుంది.

2. మూట విప్పండి. రెండు మూడు ఫొటోలు పెట్టిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలుకు ఒక కాపీ చేసి, కాపీ పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల 'ఎక్స్‌ఎల్' అనే ఫోల్డర్, అందులో 'వర్క్‌షీట్స్', 'మీడియా' ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫొటోలు మీడియాలో ఉంటాయి. పేరు మార్చితే సరుకు మారదన్నాం కదా, మరి ఇది ఎలా తెరుచుకుంది? మీ పిల్లల్నే చెప్పమనండి. లోపల మొదటి నుంచీ ఉన్నది జిప్ మూటే కాబట్టి.

3. పోల్చి చూడండి. ఈ నెల ఇంటి ఖర్చుల పట్టికను మొత్తం ఫార్ములాతో, ఒక గ్రాఫ్‌తో, తెలుగు పేర్లతో తయారు చేయించండి. దాన్ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, మామూలు సీఎస్‌వీ, సీఎస్‌వీ యూటీఎఫ్-8, పీడీఎఫ్‌గా వేర్వేరుగా సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవమనండి. ఏది ఎందులో మిగిలింది, ఏది పోయిందో నోటుపుస్తకంలో పట్టిక వేయించండి.

ప్రాజెక్టు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు

ఈ ఫైలును ఎదుటివారు దిద్దాలా, చూస్తే చాలా? దిద్దాలంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, చూస్తే చాలంటే పీడీఎఫ్.

ఇంకో ప్రోగ్రామ్‌లోకి ఎక్కించాలా? అయితే సీఎస్‌వీ. కానీ అసలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు కూడా మన దగ్గర ఉండాలి.

సేవ్ చేశాక మూసి, మళ్లీ తెరిచి చూశామా? అవతలి కంప్యూటర్‌లో కనిపించేది ఇదే. తేడా ఏదైనా ఉంటే దిద్దుకోవడానికి ఇంట్లోనే సమయం ఉంటుంది.

పిల్లలు వేసిన పోలిక పట్టికను వచ్చే నెల మొదటి కంప్యూటర్ పీరియడ్‌కు నోటుపుస్తకంలో తీసుకురమ్మనండి. ఎవరి ఇంట్లో ఏ ఫైలు ఎలా మారిందో తరగతిలో అందరం కలిసి చూస్తాం.